గాలితో రవ్వ పై అంతస్తుకి: 2 హెచ్‌పీ బ్లోయర్‌తో ప్రాజెక్టు డైరీ

పని ఏంటంటే, గుంటూరులో మా బాబాయి మిల్లులో ఇడ్లీ రవ్వ కింద పడుతుంది, ప్యాకింగ్ మొదటి అంతస్తులో. మధ్యలో ఇరుకు మెట్లు, బస్తాలు భుజాన వేసుకుని ఎక్కే మనుషులు. ఆ మెట్ల మోత తప్పించి, రవ్వని గాలితో పైపులో పైకి పంపాలి. దారి కొలిస్తే అడ్డంగా 6 మీటర్లు, నిలువుగా 4, పైన మళ్లీ అడ్డంగా 2. మొత్తం 12 మీటర్లు, రెండు బెండ్లు. గంటకు 240 కిలోలు వెళ్తే చాలు.

బకెట్ ఎలివేటర్ (బెల్టుకి డబ్బాలు తగిలించి సరుకుని పైకెత్తేది) పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లకి: కరెంటు ఖర్చులో ఎలివేటరే చవక, అందులో అనుమానం లేదు. కానీ మా దగ్గర స్లాబులో పడే రంధ్రం ఒక జానెడు మాత్రమే, పైగా ఎలివేటర్ అడుగు తొట్టిలో మిగిలే రవ్వకి పురుగు పడుతుంది. పైపైతే ఎక్కడ కావాలంటే అక్కడ వంపు తిప్పుకోవచ్చు.

నాకు దొరికిన లెక్కలన్నీ సిమెంటు ఫ్యాక్టరీలకీ, థర్మల్ కేంద్రాల బూడిదకీ రాసినవి. రెండు హెచ్‌పీ స్థాయిలో ఎవరూ కొలిచి పెట్టినట్టు కనపడలేదు, అందుకే ఈ డైరీ.

దశ 1: ముందు సరుకు

బ్లోయర్ కొనకముందే సరుకుని కొలవాలి. సామాన్లు: లీటరు గ్లాసు, కాటా, స్కేలు, మిల్లు జల్లెడ.

1. లీటరు రవ్వ, కుదపకుండా: 720 గ్రాములు.
2. రవ్వ కుప్ప పోస్తే వ్యాసం 260 మి.మీ., ఎత్తు 85. వాలు 33 డిగ్రీలు. జారే సరుకే.
3. తవుడు కుప్ప: వ్యాసం 240, ఎత్తు 108. వాలు 42 డిగ్రీలు. ఇది మొండి సరుకు, దీని సంగతి చివర్లో.
4. గింజ సైజు సుమారు 0.7 మి.మీ.

గెల్డార్ట్ అనే ఆయన 1973లో పొడుల్ని ఎ, బి, సి, డి అని నాలుగు రకాలు చేశాడు. మన రవ్వ బి, డిల సరిహద్దులో ఉంటుంది. అంటే గాలి పట్టుకుని నీళ్లలా పారే రకం కాదు, కాబట్టి తక్కువ వేగంతో ముద్దలు ముద్దలుగా తోసే డెన్స్ ఫేజ్ పద్ధతి దీనికి అంత తేలిగ్గా కుదరదు. మిగిలింది డైల్యూట్ ఫేజ్, అంటే గాలి ఎక్కువ, సరుకు పలచన, ప్రతి గింజా గాలిలో ఎగురుతూ పోవాలి. ఇలాంటి గింజకి గాలి వేగం సెకనుకి 18 నుంచి 22 మీటర్లు ఉండాలని పెట్టుకున్నాను. అడ్డ పైపులో ఒక వేగం కంటే తగ్గితే గింజలు కింద పడి పేరుకుంటాయి, దాన్ని సాల్టేషన్ వేగం అంటారు. నిలువు పైపులో అలాంటిదే చోకింగ్. ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క అంకె చుట్టూనే తిరిగింది.

దశ 2: గాలిని కొలిచే సామాను

బ్లోయర్: విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ రింగ్ బ్లోయర్, 2 హెచ్‌పీ, త్రీ ఫేజ్. మామూలు ఫ్యాను రకం బ్లోయర్ గాలి బాగా ఇస్తుంది కానీ ఎదురు ఒత్తిడి రాగానే చేతులెత్తేస్తుంది, ఇక్కడ కావలసింది ఒత్తిడి.

మీటర్ కొనలేదు. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర సన్న రాగి గొట్టం ముక్క తీసుకుని ఎల్ ఆకారంలో వంచి, గాలి వేగం కొలిచే పిటో ట్యూబు చేశాను. మేస్త్రీలు గోడ లెవెల్ చూసుకునే పారదర్శకమైన ట్యూబుని చెక్కమీద యూ ఆకారంలో బిగించి, పక్కన స్కేలు అంటించి, రంగు నీళ్లు పోస్తే ఒత్తిడి తేడా చూపే మానోమీటర్. గొట్టం మూతి గాలికి ఎదురుగా పెట్టి, యూ రెండో కొసని పైపు గోడకి వేసిన సన్న రంధ్రానికి కలపాలి. 35 డిగ్రీల గాలికి:

వేగం (మీ./సె.) = 4.15 × (నీటి తేడా మి.మీ.ల వర్గమూలం)

ఇది పైపు నడిమధ్య వేగం. గోడల దగ్గర గాలి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి సగటు కోసం 0.82తో గుణించాలి. ఈ గుణకారం వదిలేస్తే ఉన్న గాలి కంటే 20 శాతం ఎక్కువ ఉన్నట్టు లెక్క వస్తుంది. పిటో ముందు పైపు వ్యాసానికి కనీసం పది రెట్లు తిన్నని పైపు ఉండాలి, లేదంటే అంకె నిలవదు, ఊగుతూనే ఉంటుంది.

63 మి.మీ. పీవీసీ పైపు, లోపలి వ్యాసం 59. 12 మీటర్లూ బిగించి ఖాళీగా నడిపితే 33 మి.మీ. వచ్చింది. అంటే సగటు 19.5 మీ./సె., గంటకు 192 ఘనపు మీటర్లు. కావలసినంత ఉంది అనిపించే అంకె. ఈ అంకెని నమ్మి ముందుకెళ్లకండి, ఎందుకో దశ 4లో.

ఖర్చు: బ్లోయర్ 14,500, స్టార్టర్ 1,900, కొలత సామాను 380. మొత్తం 16,780.

దశ 3: తోయడం పనికిరాలేదు

మొదటి అమరిక: బ్లోయర్ ముందు, దాని తర్వాత టీ (మూడు మూతుల పైపు ముక్క), టీ మీద హాపర్ (సరుకు పోసే గరాటు తొట్టి), ఆపైన పైపు. ఆన్ చేయగానే గాలి పైపులోకి కాకుండా హాపర్‌లోకి ఎదురు తన్నింది. రవ్వ కింద పడటం మానేసి పైకి ఉబికింది, మిల్లంతా తెల్లగా అయింది. టీ దగ్గర ఒత్తిడి కొలిస్తే 130 మి.మీ. నీరు, అదీ పైపు ఖాళీగా ఉన్నప్పుడే. సరుకు పడితే ఇంకా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా రవ్వ తనంతట తాను జారదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి రోటరీ ఎయిర్‌లాక్, రెక్కల చక్రం తిరుగుతూ సరుకుని లోపలికి వదులుతుంది, గాలిని ఆపుతుంది. రెక్కకీ గోడకీ మధ్య సందు వెంట్రుక మందాన ఉండాలి, లేత్ పనిలో అది ఖరీదు. రెండోది వెంచురీ, టీ దగ్గర గొంతు ఇరుకు చేసి అక్కడ పీల్పు పుట్టించడం. గింజకి పనికొస్తుంది కానీ బ్లోయర్ ఒత్తిడిలో పెద్ద వాటా దానికే పోతుంది.

రెండూ చేయలేదు. బ్లోయర్‌ని తీసి చివర పెట్టాను, అంటే పీల్చే పద్ధతి. ఒక చోటు నుంచి చాలా చోట్లకి పంపాలంటే తోయడం, ఎక్కడి నుంచైనా ఒకే చోటికి చేర్చాలంటే పీల్చడం అన్నది ఈ పనిలో పాత సూత్రం, మాది రెండోదే. హాపర్ దగ్గర ఎదురు గాలి ఉండదు, జాయింట్ వదులైనా దుమ్ము బయటికి రాదు.

పైపు, ఫిట్టింగులు, హాపర్, ఒక మీటరు యాక్రిలిక్ గొట్టం: 3,950. మొత్తం 20,730.

యాక్రిలిక్ ముక్క లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. రవ్వ పడే చోటికి వెంటనే తర్వాత దాన్ని బిగించాలి. లోపల ఏం జరుగుతోందో కంటితో చూడటానికి మించిన మీటర్ లేదు.

దశ 4: పీల్పు, లీకులు, దిబ్బలు

కొత్త వరస: గాలి వచ్చే తిన్నని పైపు ముక్క (పిటో ఇందులోనే), టీ మీద హాపర్, పైపు, పైన సైక్లోన్ (గాలిని సుడి తిప్పి రవ్వని వేరుచేసే శంకువు డబ్బా, కింద రవ్వ పట్టే క్యాను), బ్యాగ్ ఫిల్టర్ (మిగిలిన దుమ్ము పట్టే గుడ్డ సంచి), చివర బ్లోయర్.

హాపర్ అడుగున గుండ్రటి రంధ్రం ఉన్న రేకు పలక పెట్టి ఎంత పడుతుందో తూచాను:

1. 16 మి.మీ. రంధ్రం: నిమిషానికి 2.2 కిలోలు
2. 20 మి.మీ.: 4.0 కిలోలు
3. 25 మి.మీ.: 7.1 కిలోలు

హాపర్ నిండుగా ఉన్నా సగం ఉన్నా ఈ అంకె మారదు. నీళ్ల ట్యాంకులో మట్టాన్ని బట్టి ధార మారుతుంది కానీ గింజ సరుకు అలా ప్రవర్తించదు, రంధ్రం సైజే దాని వేగాన్ని తేలుస్తుంది. ఖరీదైన ఫీడర్ అక్కర్లేకుండా పోయింది. మనకి కావలసింది 20 మి.మీ. పలక, గంటకి 240 కిలోలు.

పలక వేసి నడిపాను. కాసేపు సాఫీగా పోయింది, తర్వాత యాక్రిలిక్ అడుగున రవ్వ కదలకుండా నిలబడటం మొదలైంది. వేసవిలో కృష్ణలో తేలే ఇసుక తిన్నెల్లాగా చిన్న చిన్న దిబ్బలు, ఒక్కోటి ముందు అంచున గింజలు దూకుతూ నెమ్మదిగా జరుగుతున్నాయి. దిబ్బ పెరిగినకొద్దీ పైన గాలి సందు ఇరుకై వేగం పెరిగి కొంత కొట్టుకుపోతుంది, మళ్లీ పేరుకుంటుంది. చివరికి మొదటి బెండు దగ్గర పూర్తిగా బిగుసుకుంది.

"గాలి చాల్లేదురా, ఐదు హెచ్‌పీ మోటార్ వేద్దాం" అన్నాడు బాబాయి. "ఉన్న గాలి ఎటు పోతోందో చూడనీ బాబాయ్, అది తేలాక మోటార్ సంగతి" అన్నాను.

సరుకు నడుస్తుండగా రెండు చోట్ల కొలిచాను. రవ్వ పడే చోటికి ముందు పిటో 16 మి.మీ., అంటే 13.6 మీ./సె. బ్లోయర్ బయటికి వదిలే పైపులో, గాలి 55 డిగ్రీల వేడిగా ఉంటుంది కాబట్టి 4.15 బదులు 4.27 వేసుకుని, వేడి సర్దుబాటు చేస్తే 16.4కి సమానం. గంటకు 134 ఘనపు మీటర్లు లోపలికి వస్తుంటే 161 బయటికి పోతున్నాయి. తేడా 27, ఆ గాలి జాయింట్ల సందుల్లోంచి దూరుతోంది.

లీకు పట్టడానికి అగరుబత్తి. ప్రతి జాయింట్ చుట్టూ తిప్పితే పొగ ఎక్కడ లోపలికి లాక్కుంటుందో అక్కడే కన్నం. సైక్లోన్ మూత, ఫిల్టర్ డ్రమ్ము బిగింపు, యాక్రిలిక్ రెండు కొసలు, ఈ మూడు చోట్ల దొరికింది. తోసే పద్ధతిలో లీకుంటే దుమ్ము వచ్చి మనకి చెప్తుంది, పీల్చే పద్ధతిలో లీకు నోరు విప్పదు, వేగం మాత్రం కాజేస్తుంది.

సైకిల్ ట్యూబు రబ్బరు, సిలికాన్ పెట్టి మూశాక పిటో 21 మి.మీ., 15.6 మీ./సె. 16 మి.మీ. పలకతో చక్కగా పోయింది. 20 మి.మీ. పలకతో మళ్లీ దిబ్బలే.

ఖాళీగా 19.5 ఉన్నది సరుకు పడగానే 15.6కి ఎందుకు దిగింది? నిలబడి ఉన్న ప్రతి గింజనీ గాలే ఒక్కసారిగా పరుగెత్తించాలి, ప్రతి బెండు దగ్గరా అది గోడకి కొట్టుకుని నెమ్మదించాక మళ్లీ పరుగెత్తించాలి. ఆ పనికి పీల్పు ఖర్చవుతుంది, పీల్పు పెరిగినకొద్దీ బ్లోయర్ ఇచ్చే గాలి తగ్గుతుంది. అందుకే ఖాళీ పైపు అంకెతో లాభం లేదు. సరుకు నడుస్తుండగా, రవ్వ పడే చోట ఎంత వేగం ఉందో అదొక్కటే లెక్క. పీల్చే పద్ధతిలో గాలి వేగం అన్నిటికంటే తక్కువ ఉండేది కూడా అక్కడే, ముందుకెళ్లేకొద్దీ గాలి వ్యాకోచించి వేగం పెరుగుతుంది.

సైక్లోన్, క్యాను, ఫిల్టర్ డ్రమ్ము, ఒక బ్యాగు: 11,200. మొత్తం 31,930.

దశ 5: పైపు చిన్నది చేశాను

మోటార్ పెంచలేదు. 63 పైపు తీసి 50 పైపు వేశాను, లోపలి వ్యాసం 46.4. అదే గాలి ఇరుకు దారిలో వేగంగా పోతుంది. మిల్లుకొచ్చిన అందరూ, బాబాయితో సహా, పెద్ద పైపైతేనే బిగుసుకోదన్నారు. నీళ్లకి ఆ మాట నిజం. ఇక్కడ తలకిందులు.

20 మి.మీ. పలకతో:

1. పిటో 40 మి.మీ., 21.5 మీ./సె., గంటకు 131 ఘనపు మీటర్లు
2. బ్లోయర్ ముందు పీల్పు 590 మి.మీ. నీరు
3. 15 నిమిషాల నడకలో, క్యాను మార్చిన సమయం తీసేస్తే, 62 కిలోలు. గంటకు 248
4. గాలి బరువు గంటకు 149 కిలోలు, అంటే కిలో గాలికి 1.7 కిలోల రవ్వ
5. యాక్రిలిక్ అడుగున దిబ్బ లేదు

దీంతోపాటే ఇంకో మార్పు. మొదటి బెండు రవ్వ పడే చోటికి మరీ దగ్గరగా ఉండేది. గింజ ఇంకా వేగం అందుకోకముందే మలుపు వస్తే అక్కడే కూలబడుతుంది. హాపర్‌ని వెనక్కి జరిపి ఆ దూరాన్ని పెంచాను. ప్లంబింగ్ ఎల్బోలు తీసి పొడుగు వంపు బెండ్లు వేశాను. ఒక్క దీనితోనే పీల్పు 45 మి.మీ. తగ్గింది, పైన రాసిన 590 తగ్గిన తర్వాతి అంకె.

బాబాయి ఏటవాలుగా వేస్తే పైపు కలిసొస్తుందన్నాడు, 10 మీటర్ల బదులు 7 చాలు. బిగించి చూశాం. ఏటవాలు పైపులో గింజలు అడుగున వెనక్కి జారడం యాక్రిలిక్‌లో స్పష్టంగా కనపడింది, పొడవు తగ్గినా పీల్పు 90 మి.మీ. పెరిగింది. తీసేశాం. అడ్డం లేదా నిలువు, మధ్యలో ఏదీ వద్దు.

పైపు, బెండ్లు: 2,150. మొత్తం 34,080.

దశ 6: సైక్లోన్, బ్యాగులు

సైక్లోన్ కొలతలు స్టెయిర్‌మండ్ అనే ఆయన ఇచ్చిన నిష్పత్తులవి. శరీరం వ్యాసం 150 మి.మీ., లోపలికి వచ్చే ద్వారం 75 × 30, పై గొట్టం 75, నిటారు భాగం 225, మొత్తం ఎత్తు 600, అడుగు రంధ్రం 56. 22 గేజీ జీఐ రేకుతో ఆటోనగర్‌లో చేయించాను. ద్వారం దగ్గర గాలి వేగం 16 మీ./సె. వస్తుంది, బాగుంది.

కానీ 20 కిలోలు పంపితే ఫిల్టర్ బ్యాగులో 1.1 కిలోలు తేలింది. రవ్వ లాంటి ముతక సరుకు సైక్లోన్ దాటిపోవడం జరగకూడదు. కారణం అడుగున ఉంది. క్యాను మూత దగ్గర సన్న సందు, లోపల పీల్పు ఉంది కాబట్టి బయటి గాలి అడుగునుంచి పైకి తన్ని, గోడ వెంట దిగుతున్న రవ్వని మళ్లీ మధ్య సుడిలోకి ఎత్తేస్తోంది. మూతకి రబ్బరు గ్యాస్కెట్ వేసి నాలుగు క్లిప్పులు బిగించాక అదే 20 కిలోలకి బ్యాగులో 60 గ్రాములు. సైక్లోన్ డిజైన్ గురించి ఎంతైనా చదవొచ్చు, ముందు అడుగు సందు మూయాలి.

క్యాను అంటే 40 లీటర్ల పాల క్యాను. మొదట ప్లాస్టిక్ డ్రమ్ము పెడితే పీల్పుకి లోపలికి నొక్కుకుపోయింది. 590 మి.మీ. నీరు చిన్న అంకెలా ఉంటుంది కానీ 38 సెం.మీ. మూతమీద అది దాదాపు 67 కిలోల బరువు.

బ్యాగు: 150 మి.మీ. వ్యాసం, మీటరు పొడవు, 0.47 చదరపు మీటర్ల గుడ్డ. దాని రెండు వైపుల ఒత్తిడి తేడా చూస్తుండగానే 40 నుంచి 210 మి.మీ.కి ఎగబాకింది. నిమిషానికి 2.2 ఘనపు మీటర్ల గాలిని అంత చిన్న గుడ్డలోంచి లాగితే దుమ్ము గుడ్డ పోగుల్లోకి దిగబడుతుంది, దులిపినా రాదు. నాలుగు బ్యాగులు చేశాను, గుడ్డ దర్జీ కుట్టినదే, అదనంగా 1,700. ఇప్పుడు 60 దగ్గర నిలబడుతోంది. మొత్తం 35,780.

దశ 7: రవ్వ నలగడం

ఇది కస్టమర్ పట్టుకునే విషయం కాబట్టి వదలలేదు. మిల్లు జల్లెడలో కిలో రవ్వ జల్లిస్తే కింద పడే పిండి:

1. పంపకముందు: 38 గ్రాములు
2. పలక సగం మూసి, పైపు దాదాపు ఖాళీగా, 27 మీ./సె. దగ్గర: 91 గ్రాములు
3. 20 మి.మీ. పలకతో నిండుగా, 21.5 దగ్గర: 52 గ్రాములు

వేగం కొంచెం పెరిగినా గింజ బెండుకి కొట్టుకునే దెబ్బ బాగా పెరుగుతుంది. కాబట్టి సరుకు సన్నగా వదిలితే పైపుకి మంచిదన్న ఆలోచన తప్పు, రవ్వకి అదే చేటు. హాపర్ ఖాళీ అయ్యేముందు బ్లోయర్ పక్కన ఒక వాల్వు తెరిచి బయటి గాలి కొంత కలుపుతున్నాం, పైపులో వేగం 22 దాటకుండా.

దశ 8: పీవీసీ తీసి స్టీలు

పీవీసీ ప్రయోగానికే. రవ్వ రాసుకుంటూ పోయేకొద్దీ పైపు మీద చార్జి పేరుకుంటుంది, చెయ్యి దగ్గర పెడితే వెంట్రుకలు లేచేవి, ఒకసారి టిక్కుమని షాక్ కూడా కొట్టింది. బయట రాగి తీగ చుట్టి ఎర్త్ చేస్తే చాలంటారు. పీవీసీ కరెంటు పారనివ్వని వస్తువు, బయట తీగ చుట్టినంత మాత్రాన లోపలి గోడ మీది చార్జి దిగదు.

దీన్ని చిన్నగా తీసుకోవద్దు. బియ్యప్పిండి, మైదా, పంచదార, పసుపు, మిరప్పొడి, ఇలా మండే సన్న పొడి ఏదైనా గాలిలో తగినంత చిక్కగా లేచినప్పుడు నిప్పు రవ్వ తగిలితే పేలుతుంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని పోర్ట్ వెంట్‌వర్త్‌లో పంచదార ఫ్యాక్టరీ ఇలాగే పేలి 14 మంది చనిపోయారు. మన ఊళ్లో మిరప్పొడి, పసుపు, పిండి మిల్లులు ఎన్ని ఉన్నాయో తెలిసిందే. దూలాల మీద పేరుకునే దుమ్ముని రోజూ తుడవాలి, అది తనిఖీకి వచ్చేవాళ్ల కోసం కాదు.

చేసినవి:

1. 304 స్టీలు పైపు, బయటి వ్యాసం 50.8, లోపలిది 47.8. వేగం 20.3కి దిగింది, చాలు.
2. ప్రతి రబ్బరు జాయింట్ దాటేలా రాగి తీగ (జంపర్). ఒక కొస నుంచి ఎర్త్ దాకా మీటర్‌తో చూస్తే 10 ఓంల లోపు రావాలి. ఒక్క జాయింట్ దగ్గర 300 చూపించింది, పెయింటు గీకి మళ్లీ బిగిస్తే 2.
3. సైక్లోన్, ఫిల్టర్ డ్రమ్ము, క్యాను వేరువేరుగా ఎర్త్.
4. యాక్రిలిక్ ముక్క తీసేసి స్టీలు. దాని పని అయిపోయింది.

పైపు, బెండ్లు, టిగ్ వెల్డింగు: 12,400. మొత్తం 48,180.

కరెంటు: మీటర్‌లో గంటకి 1.4 యూనిట్లు, అంటే టన్నుకి ఐదున్నర పైన.

దశ 9: తవుడు, ఇంకా తేలలేదు

రవ్వ కుదిరింది కదా అని తవుడు వేశాం. హాపర్ రంధ్రంలోనే కమాను కట్టి నిలిచింది, పలక తీసి చేత్తో వదిలితే పైపులో బాగానే పోయింది, లీటరు మూడొందల గ్రాముల చిల్లర తూగే తేలిక సరుకు. ఆగింది సైక్లోన్ అడుగున. 56 మి.మీ. రంధ్రం మీద నూనె జిడ్డు తవుడు గొడుగులా నిలబడి, పైనంతా నిండి, మిగతాది ఫిల్టర్‌లోకి పోయింది. శంకువు తట్టితే దిగుతుంది, మళ్లీ నిలుస్తుంది.

అడుగు 100 మి.మీ.కి పెంచిన రెండో శంకువుకి రేకు కోయించాను, హాపర్‌కి చిన్న స్క్రూ ఫీడర్ కావాలి, దాని ధర అడుగుతున్నాను. ఊక జోలికి మాత్రం ఈ పైపుతో వెళ్లను, ఊకలో ఉన్న సిలికా 1.5 మి.మీ. బెండుని అరగదీసి చిల్లు పెడుతుంది. దానికి బెండు బదులు ఒక కొస మూసిన టీ పెట్టి, ఆ మూల ఊకే పేరుకుని ఊకనే కొట్టుకునేలా చేయాలి.

ప్రస్తుతానికి రవ్వ లైను రోజూ నడుస్తోంది. బ్యాగుల దగ్గర తేడా 120 మి.మీ. చూపిస్తే ఆపి దులపాలని మానోమీటర్ చెక్కమీద మార్కర్‌తో గీత గీశాం. పైన క్యాను మార్చడానికి ప్రతి ఏడు నిమిషాలకీ ఆపాల్సి వస్తోంది, దాని బదులు బ్లోయర్ ఆపకుండానే రవ్వ దించేలా ఒకదాని కింద ఒకటి రెండు ఫ్లాప్ వాల్వుల (తెరుచుకుని మూసుకునే రెక్క తలుపుల) బొమ్మ గీసి లేత్ మేస్త్రీకి ఇచ్చాను.